బొట్టు పైకే ఉండాలి

ఆ రోజుల్లో మెల్బోర్న్ శివారు టార్నీట్‌లో మన తెలుగువాళ్ళ గ్యారేజీల్లో కారు తప్ప అన్నీ ఉండేవి. (ఇప్పుడూ అంతేననుకోండి, కాకపోతే అప్పుడు ఇళ్ళు కొత్తవి, అట్టపెట్టెలు ఎక్కువ.) కారు డ్రైవ్‌వే మీద ఎండకి ఎండేది, వానకి తడిసేది, దాని రాత అంతే. గ్యారేజీ మాత్రం రెండో వంటిల్లు. అసలు వంటింటి తెల్లగోడలకి జిడ్డు పట్టకూడదు కాబట్టి గారెలూ, వేపుళ్ళూ, చేపల పులుసూ అన్నీ అక్కడ, రెండు బర్నర్ల స్టవ్ మీద. వెనకగోడకి ఆనించి బియ్యం బస్తాలు, వాటి మీద ఇండియా వెళ్ళొచ్చిన సూట్‌కేసులు, ఒక మూల మా ఆయన క్రికెట్ కిట్టు. వీటన్నిటి మధ్యలోకి నేను ఒక కారుని తెచ్చిపెట్టాను. అది నడవని కారు. చక్రాల్లేని కారు. ఆ మాటకొస్తే, ఇది కారండీ అని నేను చెబితే తప్ప ఎవరూ గుర్తుపట్టలేని కారు. దాన్ని తోమి, బిగించి, అతికించి, ఒకరోజు పదిమంది చూస్తుండగా నడిపి చూపించాను. ఏ వైపుకి నడిపానని మాత్రం ఇప్పుడే అడక్కండి.

మా నాన్నకి తెనాలి రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. నేను స్కూలు నుంచి వస్తూ ఆ షెడ్డు ముందు ఆగి నిలబడితే, "ఆడపిల్లవి, గ్రీజు అంటుద్ది, ఇంటికి పో" అనేవాడు. కోపంగా కాదు, ముద్దుగానే అనేవాడు, అందుకే ఎదురు చెప్పడానికి వీలుండేది కాదు. తొమ్మిదో నంబరు పానాకీ పన్నెండో నంబరు పానాకీ తేడా దూరంనుంచే కనిపెట్టగలిగేదాన్ని గానీ ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. తరవాత చదువులకి మెల్బోర్న్ వచ్చాను, పెళ్ళయింది, కళ్ళద్దాలు తయారుచేసే ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. రోజంతా అద్దాలని వెంట్రుకవాసి తేడా రాకుండా అరగదీయడమే నా పని. చేతికి పనితనం వచ్చింది. మనసు మాత్రం ఇంకా ఆ షెడ్డు బయటే నిలబడి ఉంది. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు.

మా పక్కింట్లో ఒక రిటైరైన మెకానిక్ ఉండేవారు. ఏటా చలికాలం (ఇక్కడ అది జూన్‌లో) రాగానే కారు వెనక క్యారవాన్, అంటే చక్రాల ఇల్లు, తగిలించుకుని ఉత్తరాదికి, వెచ్చదనం వెతుక్కుంటూ వెళ్ళిపోయి, ఎండలు ముదిరాక తిరిగొచ్చేవారు. అందుకని మేము ఆయనకి క్యారవాన్ అంకుల్ అని పేరు పెట్టుకున్నాం. (ఎదురుగా అంకుల్ అనే పిలిచేదాన్ని. నేను ఎవరి అన్నకూతురినో గుర్తురాక మొదటి నెలంతా పాపం ఆయన ఇబ్బంది పడ్డారట.) ఒక ఏడాది ప్రయాణానికి ముందు ఆయన పెరట్లో షెడ్డు ఖాళీ చేస్తుంటే, టార్పాలిన్ కింద ఒక తుప్పుపట్టిన పాతకారు తొడుగూ, దాని చాసిస్ పట్టాలూ, మూడు పెట్టెల సామానూ బయటపడ్డాయి. ఇవేంటని అడిగాను. హాట్ రాడ్ చేద్దామనుకున్నానని చెప్పారు. అంటే, మన తాతల కాలపు కారుని తీసుకుని, మడ్‌గార్డులతో సహా అనవసరమైనవన్నీ పీకేసి, చక్రాలు బయటికి కనబడేట్టు పెట్టి, లోపల దిట్టమైన ఇంజను బిగించి, చూసినవాడి గుండె ఒక్కసారి ఆగేలా తయారుచేయడం అన్నమాట. ఇక్కడ అదొక పెద్ద పిచ్చి. ఆయనకి ఆ పిచ్చి ఉన్నా మోకాళ్ళలో సత్తువ పోయింది, రేపు పాత ఇనుము వాడొచ్చి పట్టుకుపోతాడన్నారు. నా నోటివెంట, "నాకిస్తారా అంకుల్" అని వచ్చేసింది. ఆయన నా వైపు చూశారు. నేను ఇంట్లోకి పరుగెత్తి రెండు కిలోల గోంగూర పచ్చడి జాడీ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. బేరం అంతే.

సాయంత్రం రైలు దిగి ఇంటికొచ్చిన మా ఆయన గ్యారేజీలో లైటు వేసి, కాసేపు తుప్పునీ, కాసేపు నన్నూ చూశారు. ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి, అరవరు, షరతులు పెడతారు. అప్పటికే ఆ గ్యారేజీని కార్పెట్ వేసి హోమ్ థియేటర్ చేయాలని ప్లాను వేసుకుని ప్రొజెక్టర్ కూడా కొనేశారు, అది హాల్లో అట్టపెట్టెలో వెయిట్ చేస్తోంది. "లుక్, అమ్మ ఆగస్టులో వస్తోంది, ఫిబ్రవరిలో రిటర్న్ ఫ్లైట్. అమ్మ వెళ్ళేలోపు నీ కారు సొంత ఇంజనుతో, ఎవరూ తొయ్యకుండా, గ్యారేజీ దాటి డ్రైవ్‌వే చివర లెటర్‌బాక్స్ దాకా రావాలి. వస్తే గ్యారేజీ ఫరెవర్ నీది. రాకపోతే నేనే స్క్రాప్ వాడికి ఫోన్ చేస్తా, డీల్?" అన్నారు. నేను డీల్ అన్నాను. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం భయం వేసింది. అది తునకలైపోయి ట్రక్కెక్కి పోతే, నాన్న అన్నమాటే నిజమని నా అంతట నేను రుజువు చేసినట్టవుతుంది కదా అనిపించింది.

ఇక మా అత్తగారు. వచ్చీరాగానే గ్యారేజీ చూసి నన్ను పుట్టింటికి పంపించేస్తారనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. మామగారికి చలి పడదని ఆవిడ ఒక్కరే వచ్చారు. మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్ళిపోతే, పిట్టా మనిషీ కనబడని ఆ వీధిలో కిటికీలోంచి చెత్తబుట్టల్ని చూస్తూ కూర్చునేవారు. పదో రోజున, నేను ల్యాబ్ నుంచి వచ్చి కారు తలుపుకి ఉప్పుకాగితం వేసి రుద్దుతుంటే, వచ్చి బియ్యం బస్తా మీద కూర్చున్నారు. కాసేపు చూశారు. "అమ్మాయ్, ఆ రుద్దుడేంది, కాగితానికి నొప్పి పుట్టుద్దేమో అన్నట్టు. ఇటియ్యి" అని లాక్కున్నారు. నలభై ఏళ్ళు ఇత్తడి బిందెలు తోమిన చెయ్యి అది. వారం తిరిగేసరికి తలుపు మీద తుప్పు అనేది లేదు. మర్నాటినుంచి నేను సాయంత్రం వచ్చేలోపు ఆవిడ పగలంతా ఒక డ్యూటీ చేసేసి ఉండేవారు. పాత చీర కొంగు బిగించి, నా స్వెటర్ తొడుక్కుని, కళ్ళకి మా ల్యాబ్ అద్దాలు పెట్టుకుని. బోల్టుల్ని సైజుల వారీగా పోపులపెట్టెలో సర్దారు. సీట్లకి తోలు కొలిచి, కత్తిరించి, కుట్టిపెట్టారు. మధ్యాహ్నం పప్పుచారుతో పాటు ఒక కార్బురేటర్ కూడా స్టవ్ పక్కన వేడినీళ్ళలో నానుతూ ఉండేది. నేను వీడియోలు చూసి ఇంగ్లీషులో నేర్చుకున్నదాన్ని తెలుగులో ఆవిడకి చెబుతుంటే, ఆవిడ అందులో తప్పులు పట్టేవారు. అంత సంతోషంగా నేను ఎప్పుడూ పనిచేయలేదు.

అక్టోబరులో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు పనిముట్లకి పూజ చేయకపోతే ఎలాగని అత్తగారు పానాలూ, జాకీలూ, డ్రిల్లూ అన్నిటికీ వరసగా పసుపూ కుంకుమా పెట్టుకుంటూ వచ్చారు. (మా ఆయన ల్యాప్‌టాప్‌కి కూడా పెట్టారు, ఆ కుంకుమ కాస్తా కీబోర్డులో పడి చాలాకాలం రాలుతూనే ఉండేది.) చివర్లో వెనక ఇరుసు ఉంది. పెద్ద గుమ్మడికాయంత గేరు డబ్బా మధ్యలో, రెండువైపులా బారెడు గొట్టాలు. అది అప్పుడే శుభ్రం చేసి, రంగు వేసి, రెండు చెక్కల మీద పడుకోబెట్టి ఉంచాను. ఆవిడ దానికి కుంకుమ పెట్టబోయి ఆగి, ఇది వానలో తిరిగే వస్తువు, కుంకుమ ఎన్నాళ్ళుంటుందని, పక్కనున్న ఎర్ర ప్రైమర్ రంగు డబ్బాలో వేలు ముంచి, గేరు డబ్బా నడినెత్తిన రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టారు. దిట్టంగా ఉందని ఇద్దరం మెచ్చుకున్నాం. ఆ మర్నాడు ఇరుసుని చాసిస్ కిందకి జరిపి జాకీతో ఎత్తుతుంటే, అది గొట్టం మీద దొర్లి తలకిందులైంది. అలాగే బిగించబోయాను.

అత్తగారు నా చెయ్యి పట్టుకున్నారు. "బొట్టు నేలకేసి తిరక్కూడదు. పైకే ఉండాలి" అన్నారు. నేను ఇరుసుని తేరిపార చూశాను. పైనా కిందా ఒకేలా ఉంది. బోల్టులు ఇటూ సరిపోతున్నాయి, అటూ సరిపోతున్నాయి. అడుగుదామంటే క్యారవాన్ అంకుల్ ఎక్కడో రెండువేల కిలోమీటర్ల అవతల సముద్రపు ఒడ్డున, ఫోను అందనిచోట చేపలు పట్టుకుంటున్నారు. రెండువైపులా ఒకటే అయినప్పుడు పెద్దావిడ మాట కాదనడం దేనికని, ఇద్దరం కలిసి దొర్లించి, బొట్టు ఆకాశంకేసి చూసేలా బిగించేశాం. తరవాత గేరు నూనె పోయడానికి చూస్తే, మూత సరిగ్గా బొట్టు పక్కనే, పైన, చేతికి అందేలా ఉంది. వంగక్కర్లేదు, దూరక్కర్లేదు. పాతకాలం ఇంజనీర్లు మనిషి నడుము గురించి ఎంత ఆలోచించేవాళ్ళో అని అత్తగారికి ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ ఉపన్యాసం ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

నవంబరులో క్యారవాన్ అంకుల్ వచ్చారు. వస్తూనే తుంటి ఆపరేషన్ చేయించుకున్నారు, వంగకూడదని డాక్టర్ల ఆర్డరు. అందుకని గ్యారేజీలో కుర్చీ వేయించుకుని పైనుంచి అన్నీ పరీక్ష చేశారు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఎనిమిది సిలిండర్ల ఇంజను దింపేటప్పుడు గొలుసు పట్టుకోవడం దగ్గర్నుంచి, వెల్డింగు వచ్చిన తన పాత దోస్తుని పిలిపించడం దాకా దగ్గరుండి చూసుకున్నారు. ఆయనకి తెలుగు రాదు, మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. అయినా ఇద్దరూ పొద్దున పదింటికి టీ తాగుతూ నా పనిలో లోపాల గురించి చక్కగా మాట్లాడుకునేవారు. జనవరి మధ్యకి అంతా సిద్ధమైంది. ముదురు నీలం రంగు, ఎర్ర చక్రాలు, గుడ్లగూబ కళ్ళలాంటి లైట్లు. మొదటిసారి ఇంజను స్టార్టయినప్పుడు వీధి చివరి ఇంటి కుక్క కూడా లేచి మొరిగింది. నాకు ఏడుపొచ్చింది, పొగ వల్లనని చెప్పాను. గేరు వేసి కదిపి చూద్దామంటే అత్తగారు ఒప్పుకోలేదు. కదలడం ముహూర్తానికేనట.

ముహూర్తం ఆదివారం ఉదయం పదిన్నరకి కుదిరింది. అక్కడే చిక్కొచ్చింది. కొత్త బండి మొదట తూర్పు వైపుకి కదలాలని అత్తగారు. మా గ్యారేజీ తలుపు పడమరకి ఉంది, కారు మూతి తలుపు వైపుకి ఉంది, వెనకాల తూర్పు గోడ, గోడకి బియ్యం బస్తాలు. తూర్పుకి కదలాలంటే బియ్యంలోకి వెళ్ళాలి. తోసి తిప్పుదామా అంటే, చెయ్యి పడితే డీల్ క్యాన్సిల్ అని మా ఆయన. కుదరదత్తయ్యా అని గట్టిగానే చెప్పాను. ఆవిడ రెండు రోజులు ముభావంగా ఉండి, చివరికి నీ ఇష్టమే అమ్మా అన్నారు. ఆ మాటతో మనసు చివుక్కుమంది కానీ, వేరే దారి కనబడలేదు.

ఆదివారం మా డ్రైవ్‌వే నిండిపోయింది. మా ఆయన క్రికెట్ జట్టు మొత్తం భార్యలతో సహా వచ్చింది. (జట్టులో సగంమంది హోమ్ థియేటర్ వైపే.) అత్తగారు కొబ్బరికాయ కొట్టి, హారతిచ్చి, నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మా ఆయన లెటర్‌బాక్స్ పక్కన చేతులు కట్టుకుని అంపైరులా నిలబడ్డారు. నేను సీట్లో కూర్చున్నాను. పట్టుచీరలో క్లచ్ తొక్కడం ఎంత కష్టమో తొక్కినవాళ్ళకే తెలుస్తుంది. ఇంజను గర్జించింది. మొదటి గేరు వేశాను. ఎదురుగా జనం రెండువైపులకి జరిగి దారిచ్చారు. ఊపిరి బిగబట్టి క్లచ్ వదిలాను.

కారు వెనక్కి వెళ్ళింది. దర్జాగా, సూటిగా, తూర్పుకి. నాలుగు నిమ్మకాయలూ ఉన్నచోటే ఉండి మమ్మల్ని చూస్తున్నాయి. నేను బ్రేకు అనే సంగతి మరిచిపోయాను. మెత్తగా ఏదో తగిలింది, ఇంజను ఆగిపోయింది, పైబస్తా పిగిలి సన్నబియ్యం జలజలమంటూ కారు వెనకభాగం మీదా, సీటు మీదా, నా తలమీదా రాలాయి. అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. అత్తగారొక్కరే రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని, "తూర్పుకే కదిలింది తల్లీ, అక్షింతలు కూడా అవే పడ్డాయి" అన్నారు.

రివర్స్‌లో వేసి ఉంటుందని క్రికెట్ జట్టులో ఎవరో అన్నారు. నవ్వులు మొదలయ్యాయి. మా ఆయన నవ్వలేదు గానీ జేబులో ఫోను తడుముకోవడం నేను చూశాను. నేను వేసింది మొదటి గేరే, ఒట్టు. ఆరునెలల పని, పోపులపెట్టెలో సర్దిన బోల్టులు, చిట్లిన ఆవిడ గోళ్ళు, అంతా ఇలా బియ్యంలో కలిసిపోతుందా అనిపించింది. అప్పుడు క్యారవాన్ అంకుల్ చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, ఏ గేరు వేశావని అడిగారు. ఫస్టు అన్నాను. ఆయన ముందుచక్రాల్ని చూశారు, బియ్యాన్ని చూశారు, గడ్డం గోక్కున్నారు. తరవాత చాలా మర్యాదగా ఒకే ఒక్క ప్రశ్న వేశారు: వెనక ఇరుసుకి నూనె పోసినప్పుడు మూత ఎక్కడుందమ్మా? పైనే ఉందండీ, చాలా వీలుగా ఉంది, అన్నాను.

ఆయన పక్కనున్న ఐస్ పెట్టె మీద కూలబడి కన్నీళ్ళొచ్చేదాకా నవ్వారు. పైనున్నది నూనె పోసే మూత కాదట, పాతనూనె బయటికి తీసేసే మూతట, అది కింద ఉండాలట. ఇరుసు తలకిందులుగా బిగిస్తే చక్రాలు ఉల్టా తిరుగుతాయట. ఆయన కళ్ళు తుడుచుకుని, నాకే వినబడేలా, "నీ దగ్గరిప్పుడు వెనక్కి మూడు గేర్లున్నాయి, ముందుకి ఒకటుంది. ఆ ఒక్కటీ చాలు కదా" అని ఇంగ్లీషులో చెప్పి కన్నుకొట్టారు.

నాకు ఒక్క క్షణం పట్టింది. తలమీద బియ్యం దులుపుకోకుండానే ఇంజను స్టార్ట్ చేశాను. గేరు కర్రని రివర్స్‌లోకి లాగాను. క్లచ్ వదిలాను. కారు ముందుకి కదిలింది. నాలుగు నిమ్మకాయలూ ఒక్కొక్కటే చితికాయి. రివర్స్ గేరు కదా, కీచుమని రోదిస్తూ, మనిషి నడిచేంత వేగంతో, పొగలూ బియ్యమూ రాల్చుకుంటూ గ్యారేజీ గడప దాటింది. ఎండ బానెట్ మీద పడి నీలం రంగు ఒక్కసారి భగ్గుమంది. క్రికెట్ జట్టు ఈలలు వేసింది. అంకుల్ చేతికర్ర గాల్లోకి ఎత్తారు. లెటర్‌బాక్స్ పక్కకి తెచ్చి, ఈసారి గుర్తుపెట్టుకుని బ్రేకు తొక్కి ఆపాను. మా ఆయన వంగి గేరు కర్ర వైపు చూశారు. "హోల్డాన్, ఇది రివర్స్ గేర్. టెక్నికల్‌గా..." అని మొదలుపెట్టారు.

వెనకనుంచి అత్తగారు హారతి పళ్ళెంతో వచ్చారు. "అబ్బాయ్, బండి బయటికొచ్చిందా రాలేదా? ఏ కర్ర ఎటు లాగితే వచ్చిందో నీకెందుకయ్యా? పోయి ఆ బియ్యం ఎత్తు" అన్నారు. అంపైరు నిర్ణయం మార్చుకున్నారు. ఆ సాయంత్రమే ఫోన్‌లో నాన్నకి చెప్పాను. అంతా రెండోసారి చెప్పించుకున్నాడు. తరవాత, "ఇరుసు తిరగేసి బిగించావా? నేనూ కొత్తలో ఒకసారి బిగించాలే" అన్నాడు. నా జీవితంలో నాకు దొరికిన సర్టిఫికెట్లన్నిటిలో అదే పెద్దది.

అత్తగారు ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. ఆవిడకి అసలు కారణం చెప్పలేదు, ఏదో గేరు తేడా చేసిందన్నాను. బొట్టు వల్లనని ఎలా చెప్పను? ఆవిడ విమానం ఎక్కిన వారానికి ఇరుసు విప్పి, తిప్పి, సరిగ్గా బిగించాను. బొట్టు నేలకేసి తిరిగింది. కారు ఫిట్‌నెస్ పరీక్ష పాసైంది, నంబరు ప్లేటు వచ్చింది, ఎండాకాలపు ఆదివారాలు ఊరంతా తిప్పాను. ప్రొజెక్టర్ పడగ్గదిలో స్థిరపడింది. అత్తగారు మాత్రం వీడియో కాల్ చేసినప్పుడల్లా ఒకటే అడిగేవారు, బొట్టు పైనే ఉందిగా అని. "పైనే ఉందత్తయ్యా" అనేదాన్ని, కెమెరా వైపు చూడకుండా.

మూడేళ్ళ తరవాత మా పాప పుట్టినప్పుడు మళ్ళీ వచ్చి, ఆర్నెల్లుండి వెళ్ళారు. ఆ మర్నాడు నూనె మార్చడానికి కారు కింద దూరాను. గేరు డబ్బా కడుపున పాత బొట్టు అలాగే ఉంది, కాస్త వెలిసి. కాస్త ముందుకి పాకి పైకి చూద్దును కదా, నడినెత్తిన ఇంకో బొట్టు. రూపాయి బిళ్ళంత, నిగనిగలాడుతూ, నా గోళ్ళరంగుతో పెట్టింది. ఎప్పుడు పెట్టారో తెలియదు. ఎన్నాళ్ళనుంచి తెలుసో అంతకంటే తెలియదు. కారు కింద పడుకుని చాలాసేపు నవ్వాను, కాస్త ఏడ్చాను కూడా, ఈసారి పొగ లేదు.

ఇప్పుడు మా పాపకి పదేళ్ళు. కారు కింద నా పక్కనే పడుకుని, ఆ రెండు చుక్కలూ ఎందుకని ఇంగ్లీషులో అడుగుతుంది, నేను ఈ కథంతా తెలుగులో చెబుతాను. తలనిండా బియ్యంతో, పట్టుచీరలో, రివర్స్ గేరులో ముందుకి వెళుతూ లోకాన్ని జయించాననుకున్న ఆ ఇరవై ఏడేళ్ళ పిల్లని తలుచుకుంటే ముద్దొస్తుంది, కాస్త అసూయ కూడా. మొన్న మళ్ళీ అత్తగారి కాల్ వచ్చింది. అదే ప్రశ్న. ఇప్పుడది నిజమే కదా, కెమెరా వైపు చూసే చెప్పాను, పైనే ఉందత్తయ్యా అని.